బైక్ లిఫ్ట్ ఆర్డర్ పెట్టే ముందు కింద బండలు తట్టి చూడండి

ఇంటి దగ్గరే బైక్ పని చేసుకోవాలనుకునేవాళ్లు ముందుగా అడిగేది "ఎన్ని కేజీల లిఫ్ట్ తీసుకోవాలి?" అని. బరువు సంగతి తేలిక. స్ప్లెండర్ ప్లస్ 112 కేజీలు, క్లాసిక్ 350 అయితే 195 కేజీలు. టేబుల్ లిఫ్టులు (బైకును పైన నిలబెట్టి, పెడల్ కొట్టి లేపే హైడ్రాలిక్ బల్లలు) చాలావరకు 300 కేజీలు, ఆపైన మోసేలానే వస్తాయి. అంతకంటే ముందు తేల్చుకోవాల్సినవి రెండున్నాయి. ఆ లిఫ్ట్ బైకును ఎక్కడ పట్టుకుంటుంది? మన ఇంట్లో అది దేనిమీద నిలబడుతుంది? డబ్బు కట్టి నెలా రెండు నెలలు ఎదురు చూడాల్సి వస్తున్నప్పుడు ఈ రెండూ తేల్చుకోకుండా ఆర్డర్ పెట్టకూడదు. తప్పు వస్తువు వస్తే అంత బరువు పెట్టెను వెనక్కి పంపడం, అది రావడం కన్నా కష్టం.

నేల సంగతితో మొదలుపెడదాం. నల్లగొండ, మహబూబ్‌నగర్, వనపర్తి వైపు పోర్టికోల్లో షాబాద్ బండలు లేదా తాండూరు బండలే ఎక్కువ. కొత్త ఇళ్లలో టైల్స్. బండ గట్టిదే, దాని కింద మాలు సరిగ్గా నిండిందా లేదా అన్నదే అసలు ప్రశ్న. లిఫ్ట్ పెట్టాలనుకున్న చోట పానా వెనక భాగంతో జానెడుకొక చోట తట్టుకుంటూ పోండి. గట్టిగా, పొట్టిగా శబ్దం వస్తే కింద నిండుగా ఉన్నట్టు. కుండ మీద తట్టినట్టు డొల్లగా మోగితే అక్కడ ఖాళీ ఉన్నట్టు. బండ మూలల్లో ఈ డొల్ల ఎక్కువగా దొరుకుతుంది, లిఫ్ట్ చక్రం వచ్చి కూర్చునేది కూడా ఒక్కోసారి సరిగ్గా ఆ మూల మీదే. టేబుల్ లిఫ్ట్ సొంత బరువు 130 కేజీలనుకుంటే, క్లాసిక్ 350 ఎక్కాక మొత్తం 325 కేజీలు. అదంతా నాలుగు చిన్న ఇనుప చక్రాల కింద, అరచేతి కంటే తక్కువ జాగాలో దిగుతుంది. డొల్ల బండ అక్కడే పగులుతుంది, టేబుల్ ఒక పక్కకు వాలుతుంది. చక్రాల కింద ఆరంగుళాల చదరం, 6 మి.మీ. మందం ఇనుప ప్లేట్లు వేస్తే బరువు విస్తరిస్తుంది. సిజర్ జాకీ (బండి కింద పెట్టి లేపే కత్తెర కాళ్ల చిన్న జాకీ) అయితే రెండడుగుల చదరం 18 మి.మీ. ప్లైవుడ్ వేయండి. డొల్ల మరీ ఎక్కువుంటే ఆ రెండు మూడు బండలు లేపి కాంక్రీట్ పోయించుకోవడమే మేలు. లిఫ్ట్ ఎలాగూ ఆలస్యంగా వస్తుంది కాబట్టి కాంక్రీట్ క్యూరింగ్‌కు కావలసినన్ని రోజులు దొరుకుతాయి.

పోర్టికోకు వాన నీళ్లు పోవడానికి వాటం ఇస్తారు. అరవైకి ఒకటి వాటం అనుకుంటే రెండు మీటర్ల పొడవులో 33 మి.మీ. తేడా వస్తుంది. మేస్త్రీల లెవెల్ పైపుతో ఒకసారి చూసుకోండి. అడ్డంగా, అంటే ఎడమ నుంచి కుడికి, వాటం ఉన్న చోట మాత్రం లిఫ్ట్ పెట్టవద్దు. నిలువు వాటాన్ని ప్లేట్లతో సరిచేయవచ్చు, అడ్డ వాటం బైకును పక్కకు లాగుతుంది.

ఇక జాగా. క్లాసిక్ 350 పొడవు 2145 మి.మీ., టేబుల్ కూడా ఇంచుమించు అంతే, దాని ముందు ఎక్కించే ర్యాంప్ అదనం. చాలామంది మర్చిపోయేది ఒకటుంది: కాళ్లు సమాంతరంగా లేచే టేబుల్ నిట్టనిలువుగా లేవదు, వంపు తిరుగుతూ ముందుకో వెనక్కో అడుగు దాకా జరుగుతుంది. గోడకు ఆనించి పెట్టుకుంటే సగం లేచేసరికి గోడను తగులుతుంది. కత్తెర కాళ్ల టేబుల్‌కు ఈ ఇబ్బంది తక్కువ. రెండు పక్కలా మనిషి కూర్చుని పని చేయడానికి మూడేసి అడుగులు వదలాలి. షట్టర్ ఉన్న గదైతే పైన డ్రమ్ము ఎత్తు కూడా కొలవండి.

ఎక్కడ పట్టుకుంటుంది అన్నదానికి బండి కిందికి వంగి చూడాలి. ఇంజన్ కింద నుంచి రెండు ఇనుప పైపులు ముందు నుంచి వెనక్కి వెళ్తుంటే అది క్రేడిల్ ఫ్రేమ్. సిజర్ జాకీ ఆ పైపుల కింద పెట్టవచ్చు. పైపులు లేక ఇంజనే ఫ్రేమ్‌లో భాగంగా వేలాడుతుంటే, జాకీ తగిలేది అల్యూమినియం కేసింగ్‌కు. డ్రెయిన్ బోల్టు, ఆయిల్ ఫిల్టర్ మూత, సైలెన్సర్ బెండ్ పైపు, అన్నీ అక్కడే ఉంటాయి. కేసింగ్ పగిలితే ఇంజన్ దించాల్సిందే. అలాంటి బండికి సిజర్ జాకీ తీసుకోవద్దని గట్టిగా చెబుతాను. సెంటర్ స్టాండ్ ఉన్న బండికి చైన్ పని వరకు ఏ లిఫ్టూ అక్కర్లేదు. డ్యూక్ లాంటి సెంటర్ స్టాండ్ లేని బండ్లకు ప్యాడాక్ స్టాండ్ (వెనక చక్రాన్ని నేల నుంచి లేపి పట్టే పైపు స్టాండ్) చాలు. వెనక చక్రాన్ని పట్టుకునే స్వింగ్ ఆర్మ్‌కు బాబిన్ల (స్టాండ్ కొక్కెం ఆనే చిన్న గుండ్రటి బిళ్లల) మర ఉంటే బాబిన్లు కొనండి, లేకపోతే రబ్బరు ప్యాడ్ల రకం. బాబిన్ బోల్టు 6, 8, 10 మి.మీ.లలో వస్తుంది. 10 మి.మీ. బోల్టులోనే మర గాట్ల మధ్య దూరం 1.25 మి.మీ., 1.5 మి.మీ. అని రెండు రకాలున్నాయి. వేళ్లతో నాలుగు చుట్లు సులువుగా తిరిగాకే పానా పెట్టండి. మొదటి చుట్టులోనే బిగుసుకుంటే అది తప్పు మర, ఇంకా తిప్పితే స్వింగ్ ఆర్మ్ మర తెగిపోతుంది.

టేబుల్ లిఫ్ట్ వచ్చేదాకా ఆగలేనివాళ్లు ప్యాడాక్ స్టాండ్‌ను ఊళ్లో వెల్డింగ్ షాపులో చేయించుకోవచ్చు. పైపు బయటి వ్యాసం 32 మి.మీ., మందం 2 మి.మీ.కు తగ్గకూడదు. గేట్లకు వాడే పల్చటి పైపు వంగిపోతుంది. బైకును ఇంకొకరు నిటారుగా పట్టుకోగా నేల నుంచి బాబిన్ ఎత్తు, ఒక బాబిన్ నుంచి ఇంకో బాబిన్‌కు వెడల్పు కొలవండి. లేపాక కొక్కెం ఎత్తు ఆ కొలతకు రెండంగుళాలు ఎక్కువ రావాలి. వెల్డర్లు తప్పు చేసేది చక్రాల దగ్గర. స్టాండ్ హ్యాండిల్ నేలకు దించాక కొక్కేలు చక్రాల ఇరుసును దాటి హ్యాండిల్ వైపు రెండంగుళాలైనా రావాలి. అప్పుడే బండి బరువు హ్యాండిల్‌ను నేలకు నొక్కి పెడుతుంది. కొక్కెం ఇరుసుకు సరిగ్గా పైనో, ముందుకో ఉంటే చేయి తీయగానే స్టాండ్ తిరిగి లేచి బండి ముందుకు దూకుతుంది. గోడ మీద చాక్‌పీస్‌తో అసలు కొలతల్లో బొమ్మ గీసి వెల్డర్‌కు చూపిస్తే నోటితో చెప్పడం కంటే బాగా అర్థమవుతుంది. హైడ్రాలిక్ టేబుల్‌ను మాత్రం ఇలా చేయించవద్దు. పివట్ పిన్నుల రంధ్రాలు ఒక వరసలో రాకపోతే టేబుల్ మెలిక పడుతుంది, అది బైకు ఎక్కాకే బయటపడుతుంది.

ఆలస్యం ఎందుకంటే, ఈ టేబుళ్లలో చాలా రకాలు చైనా నుంచి ఓడల మీద వస్తాయి. జనవరి చివర, ఫిబ్రవరిలో వాళ్ల కొత్త సంవత్సరానికి ఫ్యాక్టరీలు రెండు మూడు వారాలు మూతపడతాయి. 2023 చివర ఎర్ర సముద్రంలో ఓడల మీద దాడులు మొదలయ్యాక యూరప్ ఓడలు ఆఫ్రికా చుట్టూ తిరిగి పోవడంతో ఒక్కో ప్రయాణానికి పది పదిహేను రోజులు పెరిగింది, ఓడలకూ కంటైనర్లకూ కరువొచ్చింది. 2024 మధ్యలో సింగపూర్ రేవులో ఓడలు రోజుల తరబడి ఆగాయి. మన దగ్గరికి వచ్చే సరుకు ఎర్ర సముద్రం మీదుగా రాకపోయినా కంటైనర్ల కొరత మనకూ తగిలింది. కాబట్టి అమ్మేవాళ్లను "స్టాక్ ఉందా?" అని మాత్రమే అడగవద్దు. ఏ ఊరి గోడౌన్లో ఉంది, పెట్టె మీది లేబుల్ ఫొటో పంపగలరా, బిల్లు ఏ తేదీన ఇస్తారు అని అడగండి. సరుకు నిజంగా చేతిలో ఉన్నవాళ్లు వీటికి వెంటనే జవాబిస్తారు. ఆర్డర్ పెట్టే రోజే ఒక సీల్ కిట్ (పంపులో నూనె కారకుండా ఆపే రబ్బరు రింగుల సెట్) కూడా జత చేయించండి. తర్వాత ఆ ఒక్క ఓ-రింగ్ సైజు కోసం సికింద్రాబాద్ రాణిగంజ్ షాపులన్నీ తిరగాల్సి వస్తుంది.

కొరియర్ పేజీలో నల్లగొండ 508001 అనో మహబూబ్‌నగర్ 509001 అనో పిన్ కొడితే డెలివరీ ఉందని చూపిస్తుంది. అది చిన్న పార్సిళ్లకు. వంద కేజీలు దాటిన పెట్టె ట్రాన్స్‌పోర్ట్ లారీలో హైదరాబాద్ గోడౌన్ దాకా వచ్చి ఆగుతుంది. అక్కడి నుంచి నల్లగొండకైనా మహబూబ్‌నగర్‌కైనా ఇంచుమించు వంద కిలోమీటర్లే, కానీ ఆ వంద కిలోమీటర్లకే వారం పట్టవచ్చు, ఎందుకంటే ఆ రూటుకు లోడు నిండాకే బండి కదులుతుంది. "డోర్ డెలివరీనా, గోడౌన్ డెలివరీనా? కిరాయి కట్టేశారా, మేం కట్టాలా?" అని ముందే రాతలో తీసుకోండి. కిరాయిని పెట్టె కొలతతో లెక్క కట్టే వాళ్లున్నారు: 220, 75, 40 సెం.మీ.లు గుణించి 5000తో భాగిస్తే 132 కేజీలు. తూకం 110 వచ్చినా కట్టేది 132కే. బిల్లు 50,000 రూపాయలు దాటితే ఈ-వే బిల్లు (సరుకు రవాణాకు జీఎస్టీ కింద తీసే కాగితం) ఉండాలి. దాని గడువు 200 కిలోమీటర్లకు ఒక రోజు చొప్పున లెక్క. దారిలో సరుకు ఆగి గడువు దాటితే దాన్ని పొడిగించాలి, లేకపోతే తనిఖీలో లారీ ఆగుతుంది. మెసేజ్‌లో వచ్చే ట్రాకింగ్ బొమ్మ కంటే ఎల్‌ఆర్ నంబరు (లారీ రసీదు నంబరు) ముఖ్యం. అది చేతిలో ఉంటే ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసుకు ఫోన్ చేసి పెట్టె ఏ గోడౌన్లో ఉందో మీరే కనుక్కోవచ్చు. హైదరాబాద్‌లో ఆగిపోయిందని తెలిస్తే టాటా ఏస్ మాట్లాడుకుని తెచ్చుకోవడమే త్వరగా అయ్యే పని. ప్యాడాక్ స్టాండ్ లాంటి చిన్న పెట్టె అయితే ఆర్టీసీ కార్గోలో వచ్చేస్తుంది. డబ్బు తీసుకుని సరుకూ పంపక, డబ్బూ ఇవ్వకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915.

పెట్టె దిగేటప్పుడు ఇద్దరు హమాలీలు సరిపోరు, నలుగురు కావాలి. రెండు బలమైన చెక్కలు బండి నుంచి నేలకు వాలుగా వేసి జార్చాలి. సంతకం పెట్టే ముందు పెట్టె అడుగున చూడండి. అట్ట మీద నల్లగా, జిడ్డుగా మరక కనిపిస్తే పంపు నుంచి నూనె కారినట్టే. "పెట్టె తడిసి ఉంది, నూనె కారింది" అని డెలివరీ కాగితం మీద రాసి, ఫొటో తీసి, అప్పుడు సంతకం పెట్టండి. సంతకం అయ్యాక చెప్పే మాటను ఎవరూ పట్టించుకోరు. బోల్టులు, పిన్నులు, సర్‌క్లిప్పులు కాగితంలోని లెక్కతో ఆ రోజే సరిచూసుకోండి.

బిగించాక పెడల్ కొడితే ఒక్కోసారి టేబుల్ లేవదు, లేదా స్పాంజిలా మెత్తగా జంకుతూ లేస్తుంది. చాలావరకు అది లోపం కాదు, దారి పొడవునా పంపు పడుకుని రావడం వల్ల చేరిన గాలి. రిలీజ్ వాల్వ్ (టేబుల్‌ను దించే వాల్వ్) పూర్తిగా వదులు చేసి, పెడల్ పది పదిహేనుసార్లు కొట్టి, వాల్వ్ బిగించి మళ్లీ చూడండి. ఇంకా జంకుతుంటే టేబుల్ పూర్తిగా దించి నూనె మూత తీసి చూడండి. రంధ్రం అంచుకు కాస్త కిందిదాకా నూనె ఉండాలి. టేబుల్ పైకి ఉన్నప్పుడు నింపితే దించేటప్పుడు పొర్లిపోతుంది. కంపెనీ వేరే చెప్పకపోతే వీజీ 32 హైడ్రాలిక్ నూనె పోయండి. బ్రేక్ ఆయిల్ ఎట్టి పరిస్థితుల్లో పోయకూడదు. దానికి లోపలి నైట్రైల్ రబ్బరు సీళ్లు ఉబ్బి పాడవుతాయి.

బైకు ఎక్కించే ముందు నాలుగు సిమెంట్ బస్తాలు ఎక్కించండి. బస్తా 50 కేజీలు కాబట్టి మొత్తం 200, క్లాసిక్ 350 బరువుకు సరిపోతుంది. టేబుల్ సగం ఎత్తుకు లేపి, తాళం కడ్డీ (టేబుల్ కిందికి దిగకుండా ఆపే కడ్డీ) వేయకుండా, అంచు ఎత్తును పక్కన గోడ మీద పెన్సిల్‌తో గీయండి. గంట తర్వాత చూస్తే గీత దగ్గరే ఉండాలి. వేలి మందం దిగిందంటే రిలీజ్ వాల్వ్ గోళీ కింద చెత్త ఉండవచ్చు. వాల్వ్ తెరిచి పదిసార్లు పెడల్ కొట్టి మళ్లీ పరీక్షించండి. అప్పటికీ దిగుతుంటే లోపం సీల్‌లో ఉన్నట్టు. మే నెల మధ్యాహ్నం రేకుల షెడ్డులో నూనె పల్చబడి, ఉదయం నిలిచిన టేబుల్ కూడా కొంచెం దిగుతుంది. ఈ పరీక్ష ఎండ పూటే చేయండి. ఏ పూటైనా సరే, తాళం కడ్డీ వేయకుండా బైకు పని ముట్టుకోవద్దు.

బైకు ఎక్కించాక ముందు చక్రం క్లాంపులో బిగించి, ఫోర్క్ కింది క్లాంపు నుంచి రెండు పట్టీలు, వెనక సబ్‌ఫ్రేమ్ (సీటు కింది ఫ్రేమ్) నుంచి రెండు వేయండి. హ్యాండిల్ గ్రిప్పులకు పట్టీ వేస్తే హ్యాండిల్ తిరిగి పట్టీ వదులవుతుంది. ఫోర్క్ మూడో వంతు నొక్కుకునేదాకా బిగిస్తే చాలు. పట్టీ కింద బ్రేక్ గొట్టం నలగకుండా చూసుకోండి. ఇరుసు నట్టు, స్ప్రాకెట్ నట్టు లాంటివి బైకు నేల మీద ఉండగానే ఒక పట్టు వదులు చేసుకోవాలి. పైకెత్తాక పొడుగు పానాతో గుంజితే బైకు పట్టీలతో సహా ఊగుతుంది. వెనక చక్రం తీస్తే బరువు ముందుకు మళ్లుతుంది కాబట్టి చక్రం తీయకముందే ముందు పట్టీలు మళ్లీ ఒకసారి చూడండి. ప్యాడాక్ స్టాండ్ మీద అయితే ముందు బ్రేక్ లివర్‌ను సైకిల్ ట్యూబ్ ముక్కతో గ్రిప్పుకు చుట్టి కట్టేయండి. చైన్ తుడిచేటప్పుడు గేరు న్యూట్రల్‌లో ఉంచి చక్రాన్ని చేత్తోనే తిప్పాలి. ఇంజన్ ఆన్ చేసి తిరుగుతున్న చైన్‌కు గుడ్డ పెడితే, ఆ గుడ్డతో పాటే వేళ్లు కూడా స్ప్రాకెట్‌లోకి పోతాయి.