గజ్జెలు కట్టని స్టేజి

ఇక్కడ కొత్తగా పెట్టిన ఏరియల్ డాన్స్ (గాల్లో వేలాడుతూ చేసే నాట్యం) కంపెనీ మొదటి ప్రదర్శనలో, పైనుంచి వేలాడదీసిన గుడ్డల మీద చేసే ఒక ఐటెమ్ మా అమ్మాయికి దొరికింది. ఇండియాలో ఉన్న మా అమ్మకి ఫోన్ చేసి చెబితే, "సర్కస్‌లోనా?" అంది. పిల్ల మూతి ముడుచుకుంది కానీ, అమ్మమ్మ మాటలో కొంత నిజం ఉంది. గాల్లో ఒక ట్రపీజ్ (తాళ్లకి వేలాడే కర్ర ఊయల) నుంచి ఇంకో ట్రపీజ్‌కి ఎగిరే విద్యని 1859లో పారిస్ సర్కస్‌లోనే జూల్ లెయోటార్ చేసి చూపించాడు. 1970లలో అమెరికాలో టెర్రీ సెండ్‌గ్రాఫ్ ఆ ట్రపీజ్‌ని నేలకి దగ్గరగా దించి, నాట్యానికి వాడుకుంది. ఏరియల్ డాన్స్ అలా రూపు కట్టుకుంది.

మావారు ఊరుకుంటారా? "తాడు మల్లఖంబం మనదే కదా, ముడి కూడా వెయ్యకుండా తాడు మీద ఆసనాలు వేస్తారు" అని మొదలుపెట్టారు. "నువ్వెప్పుడైనా ఎక్కావా నాన్నా?" అంది అది. ఆ చర్చ అక్కడితో ఆగిపోయింది. విదేశాల్లో పిల్లల్ని పెంచేవాళ్లకి ఇదో జబ్బు. వాళ్లు ఏది ఇష్టపడినా, దాని మూలం మన దగ్గరే ఉందని తేల్చేదాకా నిద్ర పట్టదు.

చిత్రంగా అసలు తంటా కంపెనీ వైపు నుంచి వచ్చింది. కూచిపూడి నేర్చుకుంటోందని తెలిసి, కాళ్లకి గజ్జెలు కట్టుకుని వేలాడితే బాగుంటుందేమో అన్నారట. ఇదే వద్దు. పేరుకి ఫ్యూజన్, నిజానికి అలంకరణ. అయినా నేను నోరు విప్పే అవసరం రాలేదు. గజ్జెలు గుడ్డకి పట్టుకుంటే గుడ్డా చిరుగుతుంది, కాలూ చీరుకుపోతుంది అని అదే చెప్పింది. ఉంగరం, గాజులు, జూకాలు, జిప్పున్న బట్టలు, అన్నీ నిషేధమే. గుడ్డ ఒరుసుకుని చంకల్లో, మోకాళ్ల వెనక చర్మం కమిలిపోకుండా ఒళ్లంతా కప్పే బిగుతు బట్టలు వేసుకోవాలి. ఈ ఒక్క ముక్కతో మా అమ్మ బట్టల టెన్షన్ కూడా తీరిపోయింది.

కూచిపూడి కనిపించింది మాత్రం పాదంలో. పైనుంచి జారే ఆ రెండు నైలాన్ గుడ్డల్ని ఎక్కేటప్పుడు, పాదానికి గుడ్డ చుట్టుకుని వేళ్లు పైకి లాగి పట్టాలి. పాదం సాగదీస్తే గుడ్డ జారిపోతుంది. కొత్తవాళ్లు తడబడేది ఇక్కడే. మా పిల్లకి మాత్రం ఆ పట్టు మొదటి రోజునుంచే వచ్చేసింది, మడమ నేలకి ఆనించి వేళ్లు పైకి లేపే అంచిత పాదం వేసీ వేసీ అలవాటైపోయి. అయితే పైకి వెళ్లాక తిప్పలు మొదలయ్యాయి. అక్కడ వేళ్లు బల్లెంలా సాగదీయాలి. నాట్యశాస్త్రంలో చెప్పిన సమం, అంచితం, కుంచితం లాంటి పాదభేదాలన్నీ నేలని నమ్ముకున్నవి. నేలే లేనప్పుడు పాదం ఏం చెయ్యాలో వాళ్ల కూచిపూడి మాస్టారు చెప్పలేదు, పాపం ఆయన మాత్రం ఎందుకు చెబుతారు?

ప్రదర్శన రోజు హాల్లో అందరూ దాన్ని చూస్తుంటే, నేను కప్పుకి వేలాడుతున్న ఇనుప కొక్కెం వైపు చూస్తూ కూర్చున్నాను. నడుముకి చుట్టుకున్న గుడ్డ విప్పుకుంటూ గిర్రున కిందికి దొర్లింది. పక్కావిడ కెవ్వుమంది. ఆ చుట్లన్నీ ముందే లెక్కపెట్టి వేసుకున్నవనీ, చివరి చుట్టు దగ్గర ఆగి తీరుతుందనీ నాకు తెలుసు. తెలిస్తే మాత్రం? నేనూ కెవ్వుమన్నాను. ఆగిన క్షణంలో దాని ఎడమ పాదం సాగలేదు, వేళ్లు పైకే లేచి ఉన్నాయి. పొరపాటేనట. కొరియోగ్రాఫర్‌కి నచ్చి, వచ్చే ప్రదర్శనకి అలాగే ఉంచమన్నారు.

ఆ వచ్చే ప్రదర్శన రిహార్సల్, కూచిపూడి పరీక్ష ఒకే శనివారం పడ్డాయి. మాస్టారికి ఫోన్ చేసి తేదీ మార్చమని ఎవరు అడగాలన్న దాని మీద ఇంట్లో ఇంకా వాదన నడుస్తోంది.