ఫిబ్రవరిలో లాల్‌బాగ్, సారు నడిపించినట్టు

మన కాలేజీ రోజుల బొటానికల్ టూర్ గురించి ఒక పేజీ రాయమని మన బ్యాచి కమిటీ అడిగింది. అడిగింది కెప్టెన్ కాబట్టి కాదనలేను. టూరంటే ఊటీ రావాలి, మైసూరు రావాలి, రైల్లో పులిహోర డబ్బా సంగతి రావాలి. అవన్నీ లాస్ట్ బెంచి త్రయం ఎలాగూ రాస్తారు. నేను బెంగుళూరు లాల్‌బాగ్ తోట దగ్గర ఆగిపోతాను. మళ్లీ అందరం కలిసి అక్కడ నడవాలన్న ఆలోచన ఉంది కాబట్టి, నడక ఎలా సాగాలో కూడా ఇక్కడే చెప్పేస్తాను.

ముందుగా తేదీ. సెలవు కలిసొస్తుందని కమిటీ ఆగస్టు 15 చుట్టుపక్కల అనుకుంటోంది. దయచేసి మార్చండి. ఆగస్టు 15కి, జనవరి 26కి అక్కడ ఫ్లవర్ షో జరుగుతుంది. ఆ రోజుల్లో జనంతో పాటు కదలడమే తప్ప చెట్టు దగ్గర నిలబడడం కుదరదు. పైగా వానలకి తోటలోని పెద్ద బండ జారుతుంది. మన బోటనీ సారు ఏ బ్యాచినైనా ఫిబ్రవరిలోనే తీసుకెళ్లేవారు, ప్రిన్సిపాల్ గారు ప్రీఫైనల్స్ అని ఎంత మొత్తుకున్నా సరే. అందుకు కారణం క్రుంబీగల్.

గుస్తావ్ క్రుంబీగల్ జర్మనీవాడు, లండన్ క్యూ గార్డెన్స్‌లో పనిచేసి 1893లో బరోడాకి, 1908లో మైసూరు సంస్థానానికి వచ్చాడు. బెంగుళూరు వీధుల వెంట చెట్లు పెట్టించేటప్పుడు ఒకటి పూసి రాలేసరికి ఇంకొకటి అందుకునేలా జాతులు ఎంచాడు. జనవరి నుంచి గులాబీ టబెబుయా, ఫిబ్రవరి, మార్చిలో పసుపు టబెబుయా, జకరండా, ఏప్రిల్, మే నెలల్లో తురాయి, ఆ వెనకే పసుపు పూల పెల్టోఫోరం. ఒక్క ఉదయంలో రెండు మూడు వంతులు కలిసి కనబడేది ఫిబ్రవరి చివర్లోనే. తోటలోకి వెళ్లకముందే, బయట రోడ్డు మీదే సారు మనల్ని ఎందుకు నిలబెట్టేశారో ఇప్పుడు అర్థమవుతోంది కదా.

తోట 240 ఎకరాలు. హైదర్ అలీ 1760లో మొదలుపెట్టించాడు, టిప్పు పెంచాడు. గ్లాస్ హౌస్ 1889 నాటిది, జాన్ కామెరాన్ హయాం. మనం బెంగుళూరు వంకాయ అని వండుకునే కాయని ఇక్కడికి తెచ్చింది కూడా ఆయనే అంటారు. ఇంత తోటని రెండు గంటల్లో చుట్టేద్దామనుకుంటే కాళ్లు నొప్పులు తప్ప ఏమీ మిగలదు. మూడే మూడు చోట్లు పెట్టుకుందాం.

ఉదయం ఆరున్నరకి మొదట బండ. అది దాదాపు 300 కోట్ల ఏళ్ల నాటి నైస్ (gneiss) అనే రాతి రకం. పైన కెంపేగౌడ గోపురం. పది దాటితే కాలు పెట్టలేనంత కాలుతుంది, అందుకే ముందు పెట్టాను. నున్నటి అట్టల చెప్పులు వద్దు. దిగేటప్పుడు నిటారుగా దిగకుండా ఏటవాలుగా అడ్డంగా నడవండి, మోకాళ్లకి సుఖం.

తర్వాత ఆ పాత తెల్లబూరుగ. సారు అసలు క్లాసు ఇక్కడే. చెట్టు చూపించమంటే మనమందరం తల ఎత్తేవాళ్లం. ఆయన గొడుగు కొనతో నేల చూపించేవారు. ముందు కాళ్లు, తర్వాత ఒళ్లు, ఆఖర్న తల. గోడల్లా లేచిన వేళ్ల మధ్య నిలబడి పైకి చూస్తే ఆ గోడలు ఎక్కడ మానులో కలుస్తాయో తెలుస్తుంది. చుట్టుకొలత నేల నుంచి 1.37 మీటర్ల ఎత్తులో తీయాలి కానీ, ఇలాంటి చెట్టుకి ఆ లెక్క పనికిరాదు. వేళ్ల గోడలు పూర్తిగా అణిగిన చోట, దానికి పైన తీయాలి. మనం ఆ రోజు తప్పు చేసింది అక్కడే. టేపు గోడల మీదుగా తిప్పి, మధ్యలోని గాలిని కూడా కలిపి కొలిచి, రికార్డులో రాసేశాం. సారు ఎర్రసిరాతో కొట్టేసింది ఆ అంకెనే. చుట్టుకొలతని బట్టి వయసు కట్టడం కూడా ఆయన ఒప్పుకునేవారు కాదు. మన వేడి ప్రాంతాల చెట్లలో చాలావాటికి ఏడాదికొక వలయం నికరంగా పడదు.

ఎత్తుకి కర్ర పద్ధతి. కంటి నుంచి పిడికిలి దాకా ఎంత దూరమో, పిడికిలి పైన అంతే కర్ర ఉంచి, చెయ్యి చాచి నిలువుగా పట్టుకోవాలి. కర్ర కొన చెట్టు కొనకి, పిడికిలి చెట్టు మొదలుకి ఆనేదాకా వెనక్కి నడవాలి. అక్కడి నుంచి చెట్టుకి ఎంత దూరమో, చెట్టు ఎత్తు దాదాపు అంత. నేల చదునుగా ఉండాలి. నిద్రగన్నేరు లాంటి గొడుగు చెట్లకి ఇది మోసం చేస్తుంది. మనవైపు వాలిన కొమ్మ అసలు కొనని దాచేస్తుంది, ఎత్తు ఎక్కువ వస్తుంది.

మూడోది అరకేరియాలు. వీటి గురించి సారు చెప్పనిది ఒకటి నేను చెప్తాను. అది ఆయన కాలంలో ఎవరూ గమనించి రాయలేదు, 2017లో అచ్చయింది. అరకేరియాల్లో ఒక రకమైన కుక్ పైన్ భూమధ్యరేఖ వైపు వాలుతుంది. మన అర్ధగోళంలో దక్షిణానికి, అవతలి అర్ధగోళంలో ఉత్తరానికి. దూరం పోయేకొద్దీ వాలు ఎక్కువ. బెంగుళూరు రేఖకి దగ్గరే కాబట్టి కంటికి లీలగా ఉంటుంది. దారానికి రాయి కట్టి కంటి ముందు వేలాడదీసి, మానుని దానితో పోల్చండి. పడమట నుంచి గానీ తూర్పు నుంచి గానీ చూడాలి, దక్షిణం నుంచి చూస్తే వాలు తెలియదు. సారు ఉంటే ఆ దారం నా చేతిలోంచి లాక్కుని మరీ చూసేవారు.

ఉద్యోగంలో నేను చేసిందంతా రోడ్ల పక్క మొక్కలు పెట్టించడమే. కానుగకి ఎనిమిది మీటర్లు, నిద్రగన్నేరుకి కనీసం పన్నెండు వదిలాను. మీటరు గొయ్యి, చుట్టూ ఊపిరాడేంత మట్టి వదలమని ప్రతి కాంట్రాక్టరుతోనూ పోట్లాడాను. మొదలు దాకా సిమెంటు పోస్తే నీరు దిగదు. కేబుళ్ల కోసం ఒకవైపు వేళ్లు తెగ్గోస్తే పదేళ్లకైనా గాలివానకి పడిపోవచ్చు. మొదట్లో పెట్టించిన కానుగలు ఇప్పుడు రెండు వైపుల నుంచి కలిసి రోడ్డు మీద పందిరి వేశాయి. ఆ దారిన వచ్చినప్పుడల్లా గొడుగు కొన గుర్తొస్తుంది.

ఇక ఏర్పాట్లు. ఆదివారం అయితే మెట్రో ఆలస్యంగా మొదలవుతుంది, ఆటోలు మాట్లాడుకోండి. నలభై మంది ఒక గుంపుగా వద్దు, వెనక ఉన్నవాళ్లకి ఏమీ వినబడదు. ఎనిమిదేసి మంది చాలు. మనం నిచ్చెన అని పిలిచే మనిషి ఒక గుంపుకి, కెప్టెన్ ఒక గుంపుకి. నీళ్లు ఎవరివి వాళ్లు. పెద్ద చెట్ల మీద తేనెపట్టు కనిపిస్తే కింద నిలబడి అరవకండి, క్యారియర్ బ్యాచికి ప్రత్యేకంగా చెప్తున్నాను.

సారు గుడ్డ టేపు నా దగ్గరే ఉంది, రిటైరైన రోజున ఇచ్చారు. సాగిపోయింది, అసలు కొలత కన్నా తక్కువ చూపిస్తుంది. దాన్ని చూడ్డానికి తెస్తాను. కొలవడానికి ఫైబర్ టేపు, 30 మీటర్లది, వేరే తెస్తాను.