తలుపు ధడేలుమంటే ముందు చూడవలసినవి

ఒడిశాలోని కొరాపుట్, జయపురం, రాయగడ ప్రాంతాల్లో దుకాణాలకూ నర్సింగ్ హోములకూ తలుపులు బిగించే పనిలో ఉన్నాను. తలుపు కొట్టుకుంటోందని ఫోను చేసేవారు చాలావరకు క్లోజర్ (తలుపును దానంతటదే మూసే పరికరం) పాడైపోయిందని ముందే తీర్మానించుకుని, కొత్తది తెమ్మంటారు. నిజానికి బిగించిన రోజు నుంచి ఎవరూ దాన్ని సరిచేయకపోవడమే ఎక్కువసార్లు కారణం.

తలుపు తెరిచినప్పుడు పైనున్న ఆర్మ్ (క్లోజర్ చేయి) తిరిగి, పళ్ల చక్రం ద్వారా పిస్టన్‌ను జరిపి, లోపలి స్ప్రింగును అదుముతుంది. చేయి వదలగానే స్ప్రింగు పిస్టన్‌ను వెనక్కి తోస్తుంది గాని, దానికి అడ్డుగా ఉన్న ఆయిలు సన్నని దారుల గుండా పోతేనే తలుపు కదులుతుంది. ఆ దారులను ఇరుకుగానో వెడల్పుగానో చేసేవే బయటికి కనిపించే చిన్న స్క్రూలు. అంటే అవి వేగాన్ని మార్చగలవు గాని స్ప్రింగు బలాన్ని పెంచలేవు. యూరోపియన్ ప్రమాణం ఈఎన్ 1154 ఈ బలాన్ని 1 నుంచి 7 వరకు సైజులుగా విభజించింది. 950 మిల్లీమీటర్ల వెడల్పు, 60 కిలోల బరువు వరకు ఉన్న తలుపుకు సైజు 3 సరిపోతుంది. అంతకన్నా వెడల్పైన, బరువైన తలుపుకు అదే క్లోజర్ తగిలించి, స్క్రూలు ఎంత తిప్పినా ప్రయోజనం ఉండదు.

స్క్రూడ్రైవరు పట్టుకునే ముందు ఆర్మ్‌ను జాగ్రత్తగా విడదీసి, తలుపును చేత్తో ఆడించి చూడాలి. మడతబందులు వదులై అంచు నేలకు రాసుకుంటుంటే ఆ సంగతి ముందు తేల్చుకోవాలి. వానాకాలంలో చెక్క తలుపులు ఉబ్బి ద్వారబంధానికి పట్టేస్తాయి. ఆ నేరాన్ని క్లోజర్ మీద వేయడం అన్యాయం.

సాధారణంగా ఒక స్క్రూ పూర్తిగా తెరిచిన తలుపు దాదాపు మూసుకునే దాకా వేగాన్ని నిర్ణయిస్తే, రెండోది చివరి జానెడు దూరాన్ని చూసుకుంటుంది. బిగిస్తే నెమ్మదిస్తుంది, వదులు చేస్తే వేగం పెరుగుతుంది. ఒక్కోసారి పావు చుట్టు కూడా ఎక్కువే. అందులో సగం తిప్పి, తలుపును తెరిచి వదిలి చూసి, ఆ తరువాతే మళ్లీ ముట్టుకోవాలి. వికలాంగుల సౌకర్యం కోసం అమెరికాలో పెట్టిన నిబంధన ప్రకారం, 90 డిగ్రీల నుంచి 12 డిగ్రీల దాకా రావడానికి తలుపు కనీసం 5 సెకన్లు తీసుకోవాలి. వాకర్‌తో నడిచేవారూ చంటిబిడ్డను ఎత్తుకున్న తల్లులూ వచ్చే చోట నేనూ ఆ లెక్కనే పాటిస్తాను, ఇంకాస్త నెమ్మదిగా పెట్టడానికి కూడా వెనుకాడను.

అసలు ఓపిక కావలసింది చివరి జానెడు దగ్గరే. తలుపును ద్వారబంధానికి నాలుగు వేళ్ల దూరంలో ఆపి వదిలితే, తాళం నాలుక టక్కుమని పడాలి గాని గోడ అదరకూడదు. ఏసీ గదుల్లో కిటికీలన్నీ మూసి, ఏసీ నడుస్తుండగా ఈ పరీక్ష చేయాలి. లోపలి గాలికి బయటికి పోయే దారి లేక తలుపు అంగుళం దూరంలో ఆగిపోవడం అప్పుడే బయటపడుతుంది.

ఏ స్క్రూనూ పైకి తేలేంతవరకు విప్పకూడదు. అది ఊడితే ఆయిలు చిమ్ముతుంది, లోపలికి గాలి చేరుతుంది. క్లోజర్ ఒంటి మీద ఆయిలు జిడ్డు కనిపిస్తే మాత్రం బేరాలాడకుండా మార్చేయాలి, ఎందుకంటే ఆయిలు పోయినకొద్దీ తలుపును ఆపేది ఏదీ మిగలదు.

బరంపురం వైపు సముద్రపు ఉక్కలో పనిచేసేవారికి అంతగా ఎదురుకాని చిక్కు ఒకటి కొరాపుట్ కొండల మీద ఉంది. ఇక్కడ డిసెంబరు ఉదయాల చలికి ఆయిలు చిక్కబడి, మే నెలలో చక్కగా మూసుకున్న తలుపు సగంలోనే బద్ధకిస్తుంది. అందుకే పని పూర్తయ్యాక ప్రతి స్క్రూ గాడి ఎటు చూస్తోందో పక్కనే మార్కరుతో గీత గీసి, చలికాలంలో దాన్ని ఎటు, ఎంత తిప్పాలో యజమానికి చూపించి, ఒకసారి ఆయన చేతనే తిప్పించి వస్తాను.