మమ్మీ సినిమాలు, మా ఇంటి పిల్లలు

అమెరికాలో పెరిగే పిల్లలకు ప్రాచీన ఈజిప్టు ముందుగా పరిచయమయ్యేది హాలీవుడ్ సినిమాల్లోనే. మా ఇంట్లోనూ అంతే. 1999లో వచ్చిన ‘ది మమ్మీ’ని మా అబ్బాయి ఎన్నిసార్లు చూశాడో లెక్కే లేదు. ఆ సినిమాలో గుడి అంటే శాపం, పూజారి అంటే దుర్మార్గుడు, మంత్రం చదివితే మమ్మీ, అంటే కుళ్లకుండా భద్రపరిచిన శవం, లేచి వస్తుంది. పిల్లలకు సరదాగానే ఉంటుంది, కాదనను. కానీ మన దేవతలను, మన పూజలను కూడా ఇలాగే భయంకరంగా చూపించిన సినిమాలు ఇదే హాలీవుడ్‌లో వచ్చాయి. అందుకే వేరొకరి గుడి తెర మీద భయపెడుతున్నప్పుడు, ఈ కథ ఎవరు చెబుతున్నారని మా పిల్లలు అడగాలని నా పట్టుదల.

మేముండే న్యూజెర్సీలో ఈజిప్టు కుటుంబాలకు కొదవ లేదు. జెర్సీ సిటీలో మరీ ఎక్కువ. మా అమ్మాయి స్నేహితురాలిది అలాంటి ఇల్లే. ఆ సినిమాలో జీవసమాధి అయి, పగతో తిరిగొచ్చే ఇంహోటెప్ అసలు ఎవరో ఆ పిల్లే మా వంటింట్లో కూర్చుని చెప్పింది. సుమారు 4,600 ఏళ్ల కిందట జోసెర్ రాజు కోసం సక్కారాలో మెట్ల పిరమిడ్‌కు రూపమిచ్చిన మేధావి ఆయన. తర్వాతి తరాలు ఆయన్ను వైద్యానికి దేవుడిగా కొలిచాయి. తెర మీద మనుషులను తినేసే పేడపురుగులు ఆ నేలలో ఉదయించే సూర్యుడికీ పునర్జన్మకూ గుర్తు. తాయెత్తులుగా కట్టుకునేవారు. పైగా సినిమాలో కనిపించే ఎడారి చాలావరకు ఈజిప్టుది కాదు, మొరాకోలో తీసింది! మా అబ్బాయి ముఖం చిన్నబోయింది. ధన్వంతరిని రాక్షసుడిగా చూపిస్తే మనకెలా ఉంటుందో ఆలోచించమన్నాను.

ఆ తర్వాత ఒక శనివారం పిల్లలతో కలిసి ఈజిప్టు వాళ్లు తీసిన సినిమా చూశాం. షాదీ అబ్దెల్ సలాం దర్శకత్వంలో 1969లో తయారైన ‘అల్ మూమియా’. నెమ్మదిగా సాగుతుంది, పాటలు లేవు, పోరాటాలు లేవు. మొదటి అరగంట మా అబ్బాయి కుర్చీలో కుదురుగా లేడు. కానీ దీని వెనుక జరిగిన కథ అసాధారణమైనది. లక్సర్ దగ్గర కొండల్లో ఒక కుటుంబం రహస్య సమాధిని కనిపెట్టి, అందులోని వస్తువులను ఏళ్ల తరబడి గుట్టుగా అమ్ముకుంది. 1881లో విషయం బయటపడింది. లోపల రామ్సెస్ 2, థుట్మోస్ 3, సేతి 1 వంటి మహారాజుల మమ్మీలున్నాయి. ‘ది మమ్మీ’లో మొదట్లోనే హత్యకు గురయ్యే రాజు కూడా ఈ సేతే! అక్కడ ఆయన చావు కథకు ఒక సాకు. ఇక్కడ ఆయన, సొంత వారసులే సంతలో పెట్టిన తాత.

సినిమాలో ఆ కుటుంబపు తండ్రి చనిపోయాక కొడుకులిద్దరికీ పెద్దలు ఆ రహస్యం చెబుతారు. మమ్మీ మెడ దగ్గర నరికి బంగారు హారం తీస్తారు. మనం తిన్న తిండి ఇదేనా అని అన్న నిలదీస్తాడు, ప్రాణం పోగొట్టుకుంటాడు. తమ్ముడు వనీస్ ఎవరి పక్షాన నిలబడాలో తెలియక గుళ్ల మధ్య తిరుగుతుంటాడు. ఆ గోడల మీది బొమ్మలను చిన్నప్పటి నుంచీ చూస్తూనే ఉన్నాడు, వాటి రాత మాత్రం చదవలేడు. అక్కడ మా అమ్మాయి ఫోను పక్కన పెట్టేసింది. “వాళ్లకు డబ్బు అవసరమే కదమ్మా, ఇంకేం చేయాలి?” అని అడిగింది. సినిమా కూడా దీనికి తేలికైన జవాబు ఇవ్వదు, నేనూ ఇవ్వలేదు. పడవలో మమ్మీలను కైరోకు తీసుకెళ్తుంటే నైలు ఒడ్డున పల్లె స్త్రీలు జుట్టు విరబోసుకుని ఏడ్చారని, మగవాళ్లు అంత్యక్రియల్లో లాగా తుపాకులు పేల్చారని చరిత్రలో నమోదైంది. 2021 ఏప్రిల్‌లో సేతితో సహా 22 మంది రాజులు, రాణుల మమ్మీలను కైరో వీధుల్లో ఊరేగించి కొత్త మ్యూజియంకు చేర్చారు. ఆ వీడియో కూడా చూపించాను.

న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో డెండూర్ గుడి దగ్గర పిల్లలకు ఇంకో సంగతి దొరికింది. క్రీ.పూ. 15 ప్రాంతంలో ఐసిస్ దేవతకు కట్టిన ఈజిప్టు ఆలయమది. నైలు మీది అస్వాన్ డ్యామ్ నీటిలో మునగకుండా విప్పదీసి, 1965లో ఈజిప్టు అమెరికాకు బహుమతిగా ఇచ్చింది. గోడల మీద రోమ్ చక్రవర్తి అగస్టస్ ఫారో (ఈజిప్టు రాజు) వేషంలో దేవతలకు నైవేద్యం పెడుతుంటాడు. వెనకటి యాత్రికులు చెక్కిన పేర్లు కూడా రాతి మీద అలాగే ఉన్నాయి. మనకూ ఇదే కాలంలో ఇదే జరిగిందని అప్పుడు చెప్పాను. సాగర్ నీటిలో మునిగే ముందు 1954 నుంచి 1960 దాకా నాగార్జునకొండ లోయను తవ్వారు. ఇక్ష్వాకుల కాలపు స్తూపాలు, విహారాలు కొన్నింటిని కొండ మీదికీ అనుపుకీ చేర్చి తిరిగి కట్టారు. 1961-62లో బి.బి.లాల్ నాయకత్వంలో భారత పురావస్తు శాఖ బృందం అస్వాన్ డ్యామ్ ముంపు ప్రాంతమైన న్యూబియాకు కూడా వెళ్లి తవ్వకాలు జరిపింది.

“గుళ్లను మోసుకెళ్లారు సరే, మనుషులు ఎటు పోయారు?” అన్నాడు మా అబ్బాయి. ఈజిప్టులో సుమారు 50,000 మంది న్యూబియన్లను అస్వాన్‌కు ఉత్తరాన ఉన్న కోమ్ ఒంబో వైపు తరలించారు. హాలీవుడ్ ఫారోల సినిమాల్లో వాళ్ల ఊసే రాదు. సాగర్ ముంపు ఊళ్ల గురించి నాకన్నా మాచర్లలో ఉండే మా నాన్నగారికే బాగా తెలుసు. ఆదివారం వాడే ఫోన్ చేసి అడిగాడు, తాతామనవళ్లు గంటకు పైగా మాట్లాడుకున్నారు. మా అమ్మాయి మనసు మాత్రం హైదరాబాద్ పబ్లిక్ గార్డెన్స్ మ్యూజియంలోని మమ్మీ మీద ఉంది. ఏడో నిజాం కానుకగా ఇచ్చినంత మాత్రాన అది మనదెలా అవుతుందని వాదిస్తోంది. వేసవిలో ఇద్దరికీ ఆ మ్యూజియం చూపించి, సాగర్‌లో లాంచీ ఎక్కించాలని టికెట్లు కొన్నాం.