అమ్మ తుంటి విరిగింది, మేమొక రోజు పోగొట్టాం

తెల్లవారుజామున అమ్మ పెరట్లో కుళాయి దగ్గర జారి పడింది. 79 ఏళ్లు. నేను పరుగెత్తేసరికి కుడిపాదం బయటికి వాలిపోయి ఉంది, ఆ కాలు రెండోదానికన్నా పొట్టిగా కనబడింది. "కాలు నాది కానట్టుందిరా" అంది.

మేముండేది గుంటూరు బ్రాడీపేటలో. కొత్తపేట పక్కనే, ఆస్పత్రులకేం కరువు? గంటలో ఎక్స్‌రే వచ్చింది. తుంటి దగ్గర తొడ ఎముక మెడ విరిగి పక్కకు జరిగింది. పైన ఉండే బంతికి రక్తం ఆ మెడ మీదుగానే వెళ్లాలట, అందుకే ఈ వయసులో అతకడం కష్టమన్నారు. బంతి తీసేసి లోహంది పెడతారు, బైపోలార్ అంటారు. ఇంకాస్త కిందికి విరిగుంటే రాడ్ వేసేవాళ్లు.

ఈలోగా తెనాలి నుంచి మావయ్య దిగాడు. "ఈ వయసులో కోతెందుకురా, పుత్తూరు తీసుకెళ్లి కట్టు కట్టిద్దాం." నేనూ ఊగిసలాడాను, నిజం చెప్పాలి. సాయంత్రం డాక్టర్ గారు కాస్త గట్టిగానే అన్నారు: "ఎముక కాదండీ, మంచం చంపుతుంది." పుండ్లు, న్యుమోనియా, కాళ్లలో రక్తం గడ్డలు. వీలైతే 48 గంటల్లోపు చేసెయ్యాలట. అందులో ఒక రోజు మా వాదనలకే పోయింది.

ఇంకో పొరపాటు పూర్తిగా నాదే. అమ్మ గుండెకు వాడే క్లోపిడోగ్రెల్ అనే, రక్తం గడ్డకట్టకుండా ఆపే మాత్ర సంగతి ముందు చెప్పలేదు. మత్తు డాక్టర్ అడిగితే గుర్తొచ్చింది. వెన్నులో సూది వేస్తే లోపల రక్తం చేరొచ్చని పూర్తి మత్తు ఇచ్చారు.

ఆపరేషన్ సాఫీగానే అయింది. భయపెట్టింది ఆ రాత్రి. అమ్మ నన్ను వాళ్ల తమ్ముడనుకుంది. "గేదెకి కుడితి పెట్టావా?" అని పదిసార్లు అడిగింది. ఆ గేదెను అమ్మేసి ముప్పై ఏళ్లు! పెద్దవాళ్లలో మామూలేనని నర్సమ్మ కళ్లజోడు పెట్టించి, లైటు ఆర్పొద్దంది. మూడు రోజులకు తేరుకుంది. ఇలా అవుతుందని ముందే ఒక్కరు చెప్పినా అంత టెన్షన్ పడేవాణ్ణి కాదు.

ఆపరేషన్ మర్నాడే వాకర్ పట్టించి నిలబెట్టారు. రెండడుగులు వేసి నన్ను తిట్టింది. హమ్మయ్య అనిపించింది.

ఎముకలు గుల్లబారాయని కాల్షియం, డి విటమిన్‌తో పాటు ఏడాదికోసారి వేసే ఇంజెక్షన్ రాశారు. కింద కూర్చోవద్దన్నారు. పీట మీద కూర్చోకుండా గోంగూర ఒలవడమేంటని అమ్మకింకా కోపమే.

మొన్న వాకర్‌తో పెరటి గుమ్మం దాకా వచ్చి, కుళాయి దగ్గర నాచు నాచేత గీకించింది.