బాబాయి చెప్పులు

ఈ రోజు సెలవు. బట్టలు మడతపెట్టే పని పక్కన పడేసి ‘ఆల్ క్వైట్ ఆన్ ది వెస్టర్న్ ఫ్రంట్’ చదువుతూ కూర్చున్నాను. మొదటి ప్రపంచ యుద్ధంలో గాయపడి బయటపడ్డ జర్మన్ సైనికుడు ఎరిక్ మరియా రెమార్క్ రాసిన నవల, 1929లో పుస్తకంగా వచ్చింది.

అందులో కాలు తీసేసిన కెమ్మెరిష్ అనే సైనికుడు ఆసుపత్రిలో చావుబతుకుల్లో ఉంటాడు. చూడ్డానికొచ్చిన తోటి సైనికుడు ముల్లర్ అతని బూట్లు తనకిచ్చేయమంటాడు. నాకు ఒళ్లు మండిపోయింది. కానీ కథ చెప్పే పాల్‌కి కోపం రాదు. ఆ బూట్లు కెమ్మెరిష్‌కి పనికొచ్చే మాటైతే ముల్లర్ ముళ్లకంచె మీద వట్టికాళ్లతో నడుస్తాడే గానీ వాటి జోలికి పోడంటాడు. మంచి బూట్లు దొరకని చోట, పోయేవాడి మీద ప్రేమా బూట్ల ధ్యాసా ఒకే మనిషిలో ఉంటాయి.

అక్కడ ఆగిపోయాను. బాబాయి పోయిన మర్నాడు, సైన్యంలో పనిచేసిన మా పెదనాన్న గుమ్మం దగ్గరున్న బాబాయి చెప్పులు చేతిలోకి తీసుకుని, అడుగు తిప్పి చూసి, “ఇవి కొత్తవేరా, ఎవరికి సరిపోతాయో చూడండి” అన్నాడు. పిన్ని లేచి లోపలికెళ్లిపోయింది. చెల్లి ఇప్పటికీ ఆయనతో ముక్తసరిగానే మాట్లాడుతుంది. ఆ వారమంతా డెత్ సర్టిఫికెట్ కోసం, బ్యాంకు కాగితాల కోసం తిరిగింది ఆయనేనన్నది ఎవరికీ గుర్తులేదు.

నవల్లో యుద్ధం వేరు, సైన్యంలో పెదనాన్న చూసింది వేరు. ముల్లర్‌ని తెచ్చి ఆయనకి అంటగడితే అన్యాయమే. అయినా ‘ఈయనకి మనసు లేదు’ అని మేమంతా తేల్చేసిన చోట, ఇంకోలా కూడా అనుకోవచ్చని ఇన్నాళ్లకి తోచింది. ఆయన్ని అడిగితే ఇది తెలిసేది కాదు. సెలవు మీద ఇంటికొచ్చిన పాల్‌ని వాళ్ల నాన్న యుద్ధం గురించి చెప్పమని గుచ్చిగుచ్చి అడుగుతాడు, అతని నోరు పెగలదు. అక్కడ మరీ కష్టంగా ఉందా అని అమ్మ అడిగితే, లేదని అబద్ధమాడతాడు. పెదనాన్న “ఆ, ఏముంది, బానే గడిచింది” అనేది అచ్చం ఇలాగే.

బూట్ల పేజీలు ఫోటో తీసి చెల్లికి పంపాను. చాలాసేపటికి, “పెదనాన్నకి ఈ పుస్తకం ఇద్దామా?” అని అడిగింది. వద్దు, ముందు నువ్వు పూర్తిగా చదువు, పిన్నికి నేను చదివి వినిపిస్తానన్నాను.