10,363 స్నాప్‌లు, ఒకటే చోటు: జో థామస్

అమెరికన్ ఫుట్‌బాల్‌లో స్నాప్ అంటే సెంటర్ అనే ఆటగాడు తన కాళ్ళ మధ్య నుంచి బంతిని వెనక్కి అందించి ఆట మొదలుపెట్టడం. క్రికెట్లో ఒక బంతి పడ్డట్టు అనుకోండి. క్లీవ్‌లాండ్ బ్రౌన్స్ జట్టు లెఫ్ట్ టాకిల్ (ముందు వరసలో, అంటే లైన్‌లో, ఎడమవైపు కాసేవాడు) జో థామస్ 2007లో తొలి మ్యాచ్ నుంచి 2017 అక్టోబర్ 22 దాకా తన జట్టు అఫెన్స్ (బంతితో ముందుకెళ్ళే వర్గం) ఆడిన ఒక్క స్నాప్‌కీ బయట కూర్చోలేదు. వరసగా 10,363. అమెరికా ప్రొఫెషనల్ ఫుట్‌బాల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్ 1999 నుంచి స్నాప్‌లు లెక్కిస్తోంది. ఆ లెక్కల్లో ఇంత పొడవైన వరస ఇంకొకటి లేదు.

ఇదేమంత సులువు కాదు. దెబ్బ తగిలి పడిపోయి, వైద్య సిబ్బంది మైదానంలోకి రావాల్సి వస్తే ఆ ఆటగాడు మామూలుగా ఒక స్నాప్‌కైనా బయటికి వెళ్ళాలి. మ్యాచ్ ఎలాగూ పోయిందనుకున్నప్పుడు చివర్లో కోచ్‌లే ముఖ్యమైన వాళ్ళకు విశ్రాంతి ఇస్తారు. థామస్ అదీ తీసుకోలేదు. మొత్తం 167 మ్యాచ్‌లు, సగటున మ్యాచ్‌కు 62 స్నాప్‌లు.

అందరూ దీన్ని మొండితనం అని మెచ్చుకుంటారు. మొండితనం లేదనను. కానీ నన్నడిగితే సగం ఘనత ఆయన పాదాలది. లైన్‌లో ఆడేవాళ్ళకు చాలా గాయాలు తూలి పడినప్పుడో, ఒళ్ళు మెలికపడి ఉండగా ఎవరో మీద పడినప్పుడో అవుతాయి. పాదాలు ఎప్పుడూ తుంటి కిందే ఉండేవాడు తక్కువగా పడతాడు.

క్వార్టర్‌బ్యాక్‌ది కుడిచేతి వాటమైతే, బంతి విసరడానికి వెనక్కి జరిగి నిలబడ్డప్పుడు ఎడమవైపు నుంచి వచ్చేవాడు అతనికి కనబడడు. ఆ పక్క కాయడమే లెఫ్ట్ టాకిల్ పని. దానికి వాడే అడుగు పేరు కిక్ స్లైడ్. కుడి పాదంతో నేలను తోస్తూ ఎడమ పాదాన్ని ఏటవాలుగా వెనక్కి వేయాలి. ఎడమ పాదం ఎంత జరిగిందో కుడి పాదమూ అంతే జరగాలి. రెండూ ఒకదానికొకటి తగలకూడదు, అడ్డం పడకూడదు, నేలను రాసుకుంటూనే పోవాలి. ఎగిరి అడుగేస్తే, పాదం గాల్లో ఉన్న క్షణంలో ఎదుటివాడు గుద్దాడంటే మనిషి వెల్లకిలా పడతాడు. మొదటి రెండు మూడు అడుగులదాకా భుజాలు ఆట మొదలయ్యే గీతకు సమాంతరంగానే ఉండాలి. భయపడి తొందరగా తుంటి తిప్పితే లోపలి దారి తెరుచుకుంటుంది. ఆలస్యంగా తిప్పితే బయటి నుంచి చుట్టి వెళ్ళిపోతారు.

చేతుల సంగతి ఇంకా సున్నితం. మోచేతులు పక్కటెముకలకు దగ్గరగా ఉంచి, ఎదుటివాడి ఛాతీ మీద కొట్టాలి. ముందే చేతులు చాపితే అతను వాటిని ఒక్క వేటుతో కిందికి కొట్టేస్తాడు. నీ బరువంతా ముందుకు వాలి ఉంటుంది, అతను పక్క నుంచి జారుకుంటాడు. థామస్ ప్రతిసారీ రెండు చేతులూ ఒకేలా వేసేవాడు కాదు. ఒకసారి ఒక్క చెయ్యి, ఒకసారి చూపించి వెనక్కి లాక్కోవడం, ఇంకోసారి వెనక్కి జరగకుండా లైన్ దగ్గరే దూకి పట్టేయడం. వచ్చేవాడికి సమయం కుదరదు. పట్టు ఛాతీ లోపల ఉన్నంతసేపు రిఫరీలు సాధారణంగా చూసీచూడనట్టు ఉంటారు. చెయ్యి భుజం బయటికో మెడ చుట్టూరో వెళ్ళి లాగిందంటే హోల్డింగ్, 10 గజాల శిక్ష.

బ్రౌన్స్ ఏటా స్టీలర్స్‌తో, రేవెన్స్‌తో రెండేసి మ్యాచ్‌లు ఆడతారు. అంటే అప్పట్లో ఎదురుగా ఆ జట్ల తరఫున క్వార్టర్‌బ్యాక్ మీదికి దూసుకొచ్చే జేమ్స్ హారిసన్, టెరెల్ సగ్స్. హారిసన్ ఎత్తు ఆరడుగులే, థామస్‌ది 6 అడుగుల 6 అంగుళాలు. పొట్టివాడు కింది నుంచి పైకి తోస్తే పొడుగువాడికే కష్టం. అప్పుడు వీపు వంచకుండా మోకాళ్ళు వంచి కూర్చున్నట్టు దిగి, చిన్న గెంతులతో పాదాలు మళ్ళీ మళ్ళీ నాటుకోవాలి.

ఆటగాళ్ళ గణాంకాలు కట్టే ప్రో ఫుట్‌బాల్ ఫోకస్ సంస్థ లెక్కల్లో, బంతి విసిరేటప్పుడు ఆయన కాపు కాసిన 6,680 స్నాప్‌లకు వదిలిన శాక్‌లు (బంతి విసరకముందే క్వార్టర్‌బ్యాక్‌ను పడగొట్టడం) 30. సుమారు 223కి ఒకటి. అదీ 20 మంది స్టార్టింగ్ క్వార్టర్‌బ్యాక్‌ల ముందు నిలబడి! ఇది చిన్న విషయమేమీ కాదు. టాకిల్ వెనక్కి చూడడు. క్వార్టర్‌బ్యాక్ ఎక్కడ ఆగుతాడో అంచనా వేసుకునే ఎదుటివాడిని దాని అవతలికి తోస్తాడు. ఏడెనిమిది గజాల దగ్గర ఆగాల్సినవాడు పదికి జారుకుంటే, సరిగ్గా తోసినవాడు కూడా శాక్ ఇచ్చినట్టే కనిపిస్తాడు.

క్లీవ్‌లాండ్ అనగానే మనవాళ్ళకు 1978 నుంచి జరుగుతున్న త్యాగరాజ ఆరాధన గుర్తొస్తుంది. ఆ ఊరివాళ్ళకు ఆదివారమంటే బ్రౌన్స్, బ్రౌన్స్ అంటే ఓటమి. థామస్ ఆడిన 167లో గెలిచినవి 48, ఓడినవి 119. తొలి ఏడాది 10 గెలిచి 6 ఓడినా నాకౌట్ దశ అయిన ప్లేఆఫ్‌కు చేరలేదు, ఆ తర్వాతా ఎప్పుడూ చేరలేదు. ఆరుగురు హెడ్ కోచ్‌లు మారారు. 2015లో ఆయన్ని డెన్వర్ జట్టుకు పంపే బేరం నడిచి ఆగిపోయింది. ఆ సీజన్లోనే డెన్వర్ లీగ్ ఫైనల్ అయిన సూపర్ బౌల్ గెలిచింది. 2007 డ్రాఫ్ట్ (జట్లు వంతులవారీగా కొత్త ఆటగాళ్ళను ఎంచుకునే కార్యక్రమం) రోజు న్యూయార్క్ వేదిక వదిలేసి తండ్రితో మిషిగన్ సరస్సు మీద చేపలు పడుతూ మూడో ఎంపికగా పిలుపు అందుకున్న మనిషి, బ్రౌన్స్‌లోనే ఉండిపోయాడు. తొలి పదేళ్ళూ మేటి ఆటగాళ్ళ మ్యాచ్ అయిన ప్రో బౌల్‌కు ఎంపికయ్యాడు.

2017 అక్టోబర్ 22న టైటన్స్‌తో మ్యాచ్‌లో, బంతి పట్టుకుని పరుగెత్తే రన్ ప్లేకు దారి కాస్తుండగా ఎడమ ట్రైసెప్స్ తెగింది. మోచెయ్యి చాచే కండరం అది. టాకిల్ పంచ్ అంతా దానిమీదే. చాచిన చేతిని ఎదుటి బరువు బలవంతంగా వంచినప్పుడు ఎముకకు అతుక్కునే చోట అది తెగుతుంది. 2018 మార్చిలో రిటైరయ్యాడు. 2023లో, అర్హత వచ్చిన తొలి ఏడాదే, కాంటన్‌లోని హాల్ ఆఫ్ ఫేమ్‌లోకి (ఫుట్‌బాల్ మేటి ఆటగాళ్ళ గౌరవ జాబితా) తీసుకున్నారు.

ఆడే రోజుల్లో బరువు 140 కిలోల పైమాటే. ఆకలితో సంబంధం లేకుండా గంటగంటకీ తింటూ నిలబెట్టుకున్న బరువది. ఆట మానగానే ఆ తిండి ఆపి, ఈత, సైకిల్ మొదలుపెట్టి, నెలల్లోనే 20 కిలోలకు పైగా దించుకున్నాడు. చాలామంది లైన్‌మెన్‌కు ఇక్కడే దెబ్బ పడుతుంది: కసరత్తు ఆగుతుంది, తినే అలవాటు ఆగదు, మోకాళ్ళు అదే బరువు మోస్తూ ఉంటాయి.